మోతల నేర్చిన చదువు

మా బాపమ్మ సాయవ్వకు అక్షరం ముక్క రాదు.
పెదవులు మాత్రం చదివేది.

ఆజంజాహి మిల్లు, రీలింగ్ ఖాతా.
మిషన్లు తిరుగుతుంటే
పక్కమనిషి మొత్తుకున్నా చెవుల పడదు.
నోరు చూసుకుంటనే ముచ్చట పెట్టుకునేటోళ్లట:
ఎవరింట్ల గింజలు ఒడిసినయో,
ఎవరికి నెల తప్పిందో,
జమేదారు చూపు ఇయ్యాల ఎవరి మీదున్నదో.
గొంతుతోని పనే లేదు.

కాశిబుగ్గల డేరా పడ్డ ఏడాది,
పట్నంల బొమ్మలు అప్పటికే పాటలు పాడుతున్నయి.
మాటలు రాని పాత బొమ్మలు
చవుకకు దొరికి మా దిక్కు వచ్చినయి.
షిఫ్టు దిగిన ఆడోళ్లు ఎనమండుగురు
తలల మీది పత్తి నూగుతోనే
పోయి నేల మీద కూసున్నరు.

బొమ్మ పేరు బాపమ్మకు యాదికి లేదు.
నా దగ్గరున్న పోస్టర్ ముక్క మీద
"మతి" అని మిగిలింది.
ముందటి అక్షరాలు చెదలు తిన్నయి.
కింద సన్నగ:
"ముఖ్య పాత్రధారిణియు, వ్యయము భరించినదియు
మిస్ అనంతబాయి."

మట్టెవాడల ఆమె అనంతసాని.
వడ్డాణం కుదువబెట్టింది.
గీసుకొండ దిక్కు రెండెకరాలు అమ్మింది.
బొంబాయి నుంచి కెమెరాను, దాన్ని తిప్పేటోన్ని
రైలు కిరాయి ఇచ్చి దించుకున్నది.
కోటల కూలిన రాళ్ల నడుమ తెల్లచద్దర్లు కట్టి
ఎండనే దీపం చేసుకున్నది.
మబ్బు కమ్మిన దినం
అందరికీ బువ్వ పెట్టుడే, బొమ్మ లేదు.

డేరాల బొమ్మ చెప్పేటోడు ఖాదర్ సాబు.
చేతిల వెదురు కట్టె.
తెర మీద అక్షరాలు రాంగనే
తెలుగుల ఒకపారి, ఉర్దుల ఒకపారి
పెండ్లి పత్రిక చదివినట్టు చదువుతడు.

మొగని కాళ్ల మీద పడ్డది అనంతబాయి.
జుట్టు ఊడి మట్టిల పొర్లుతుంది,
కండ్లనీళ్లు గదవ దాక.
కట్టె పోయి తెరను తాకింది:
"నాథా! ఈ అభాగ్యురాలిని క్షమింపుడు!"
డేరా డేరంత ముక్కులు చీదుతుంటే
మిల్లు ఆడోళ్లు ఎనమండుగురు
ఒక్కపారే పక్కున నవ్విండ్రు.

సాబు ఆగిండు.
కుర్చీల కూసున్న పటేలు వెనుకకు మర్లి తిట్టిండు.
వీళ్లేమని చెప్తరు?
ఆ పెదవుల మీదున్న మాట ఇది:
"ఇయ్యాల గుడ తాగొచ్చినవా, బాడ్కావ్,
ఫిలిం గజం ఎంతనో ఎర్కేనా నీకు?
లేపు నన్ను. జెల్ది. ఎండ పోతుంది."

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా
బాపమ్మ ఇక్కడిదాక నవ్వుకుంటనే వచ్చేది.
వచ్చి, కొంగుతోని మూతి తుడుచుకొని,
"కండ్లనీళ్లు మాత్రం ఉత్తయి కావు బిడ్డా" అనేది.
"పైసలు ఆమెయి. మొఖం ఆమెది.
క్షమింపుడు అన్నది ఎవడో రాసిచ్చిండు."

ఆ పెట్టెలను తర్వాత ఎవరో
శేర్ల లెక్కన కొన్నరట.
ఎండి గీక్కొని, మిగిలినదాన్ని కరిగించి
గాజులు పోసిండ్రట.
నిజమో, బజారు ముచ్చటనో.
బాపమ్మ అయితే సచ్చేదాక
మట్టిగాజులే ఏసుకున్నది.

ఆఖరున ఇంకొకటి ఉండె.
సమాప్తం పడకముందు
ఆమె ఒక్కతే తలుపు దగ్గర నిలబడి
సీదా మన దిక్కు చూసి ఏదో అంటది.
అక్కడ అక్షరాలు ఎయ్యలే.
సాబు కట్టె దించుకొని ఊకున్నడు.
పటేలుకు ఆవులింత వచ్చింది.
ఎనమండుగురు చదివిండ్రు.

"ఏమన్నదే బాపమ్మా?"
గొంతు తియ్యలే బాపమ్మ.
దీపం ముందుకు జరిగి
పెదవులు కదిపింది, మెల్లగ,
నేను పిల్లనని ఇంకింత మెల్లగ.

నేను బళ్లె చదువుకున్నదాన్ని.
ఆ మోత ఎరుగను.

"ఇంకొకపారి" అన్న.